తోడికోడలు నవ్వకపోతే

"మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట" అనే సామెత వినని వాళ్ళు మనలో ఉండరు. బి.ఏ.లో మా తెలుగు మేడం ఈ సామెత చెప్పినప్పుడు క్లాసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఇప్పుడు నలభై దాటాక, వంట చేసుకుంటూ ఒకరోజు ఈ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఈ సామెతలో దెబ్బకు విలువే లేదు చూడండి. మొగుడు కొట్టడం పొద్దు పొడిచినంత మామూలు. చెప్పుకోదగ్గ సంగతల్లా ఇంకో ఆడది నవ్వడమే.

మా దిక్కు తోడికోడలిని యారాలు అంటాం. ఆ నవ్విన యారాలు ఎవరో నాకు తెలుసు. నేనే.

పన్నెండేళ్ళ కిందటి మాట. శంకరంపేటలో మా ఇంటి వెనక వాటాలో ఒక జంట కిరాయికి ఉండేది. ఆ పిల్ల ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టేది. ఒక రాత్రి పదకొండింటికి మా తలుపు కొట్టింది. చంకలో బిడ్డ, కాళ్ళకు చెప్పులు లేవు, ఒక చెయ్యి ఎడమ చెవి మీద అదిమి పట్టుకుంది. "అక్కా, పొద్దటి దాక ఈడ కూసుంట" అన్నది. అంతకు మించి ఏమీ అడగలేదు. చాప వేశాను, బిడ్డకు పాలు పట్టాను, ఆమెకు చాయ్ పోశాను. తెల్లారి నేనే ఆమె చెయ్యి పట్టుకొని వాళ్ళింటికి తీసుకపోయాను. "తమ్మీ, కోపం జెర్ర తగ్గించుకోవాలె. ఆలుమగల కొట్లాట అద్దం మీద పెసరగింజ నిలిచినంత సేపే ఉండాలె" అని అతనికి నీతి చెప్పాను. ఆమెకేమో "నువ్వు గూడ మాటకు మాట అనకు బిడ్డా" అన్నాను. అతను తలకాయ ఊపాడు. ఒక కాపురం నిలబెట్టానని సంతోషంగా ఇంటికొచ్చి ఇడ్లీలు పెట్టుకున్నాను.

ఆ తరవాత ఆమె మళ్ళీ మా తలుపు కొట్టలేదు. గొడవ సద్దుమణిగిందనుకున్నాను. కొన్ని నెలలకు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

రెండేళ్ళ తరవాత ఏడుపాయల జాతరలో ఆమె కనబడింది. పక్క నుంచి రెండు మూడు సార్లు పిలిచాను, తిరిగి చూడలేదు. బిడ్డ కొంగు గుంజితే అప్పుడు చూసింది. "ఈ చెవు ఇనపడదక్కా" అన్నది. ఎప్పటి నుంచి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రాత్రి ఆ చెయ్యి ఏ చెవి మీద ఉందో నాకు బాగా గుర్తుంది. ఆమె మాత్రం నవ్వుతూ "ఆ రాత్రి మీరు చాయ్ పోసిన్రు, నాకింకా యాదికున్నది" అన్నది. తిట్టినా బాగుండేది.

ఆ తెల్లవారి ఆమెను తీసుకపోవాల్సింది దవాఖానకు. నేను తీసుకపోయింది కొట్టినవాడి దగ్గరికి.

ఇది ఒక్క నా బుద్ధి తక్కువ పనే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి పోవడం, ఇల్లూ పిల్లలనూ సరిగ్గా చూడకపోవడం, ఎదురు మాట్లాడటం, పక్కలోకి రానన్నడం, వంట బాగా చెయ్యకపోవడం, నమ్మకంగా లేదని అనుమానం రావడం, అత్తమామలను గౌరవించకపోవడం అని ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబేనా అని అడిగారు. తెలంగాణలో నూటికి దాదాపు 84 మంది ఆడవాళ్ళం ఏదో ఒక కారణానికి సబబే అన్నాం. ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు అంతే. మన మగవాళ్ళలో సబబే అన్నవాళ్ళు నూటికి 70 మంది. కొట్టే జాతి కంటే కొట్టించుకునే జాతే దెబ్బను ఎక్కువగా సమర్థించింది.

అదే సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 37 మంది మొగుడి చేతిలో హింస చూశారు. దేశం మొత్తం మీద హింసకు గురైన ఆడవాళ్ళలో సాయం కోరినవాళ్ళు నూటికి 14 మందే. 77 మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఎందుకు చెప్తారు? చెప్తే వినేది ఆ 84 మందిమి కదా.

మనకు తెలిసిన సాయం ఒక్కటే ఉంది. దాని పేరు రాజీ. ఆ పిల్ల తల్లిగారింటికి పోతే తల్లి రెండు రోజులు అన్నం పెట్టి, మూడో రోజు "చెల్లె పెండ్లి కావాలె బిడ్డా" అంటుంది. పెద్దమనుషుల పంచాయితీ పెడితే పిల్ల దిక్కు నలుగురు, పిలగాని దిక్కు నలుగురు కుర్చీల్లో కూర్చుంటారు. ఆమె మాత్రం గడప అవతల కొంగు నోట్లో కుక్కుకొని నిలబడుతుంది. ఇక మీద కొట్టనని ఒక కాగితం రాసి సంతకం పెట్టిస్తారు. నీకేం కావాలని ఆమెను ఒక్కరూ అడగరు. మూడోసారి పంచాయితీ పడేసరికి "ఊకె ఊకె ఏంది, నీ దిక్కు నుంచి గూడ తప్పుంటది" అని తీర్పు ఆమె మీదికే తిరుగుతుంది. పోలీస్ స్టేషన్‌కు పోయినా చాలాసార్లు కౌన్సెలింగ్ పేరుతో జరిగేది ఇదే పంచాయితీ, కాకపోతే ఖాకీ బట్టల్లో. ఏ తలుపు కొట్టినా లోపలి నుంచి ఒకటే మాట వస్తుంది. సర్దుకపో.

ఎన్నిసార్లు సర్దుకుంటే హింస ఆగిందో ఒక్కరు చెప్పండి. రాజీ అంటే ఇద్దరూ చెరో మెట్టు దిగడం. కొట్టినవాడు దిగే మెట్టు ఏది? ఆమె ఇంటికి తిరిగి పోతుంది, అతను ఒక మాట ఇస్తాడు. ఆమె ఇచ్చింది ఒళ్ళు, అతను ఇచ్చింది నోటి మాట. దీన్ని రాజీ అనడం భాషకే అన్యాయం.

"మరి ఏం చెయ్యమంటవు? కేసు పెట్టి మొగుణ్ణి జైల్ల పెట్టిస్తే కాపురం ఉంటదా, పిల్లలు ఏం గావాలె?" అని మీరు అడుగుతారు. నేనూ ఏళ్ళ తరబడి ఇదే అడిగాను. మన బుర్రల్లో రెండే దార్లు ఉన్నాయి. ఒకటి పడి ఉండటం, రెండోది జైలు, విడాకులు. మూడో దారి ఉందని నాకు ఆ రాత్రి తెలిసి ఉంటే ఆ పిల్ల చెవు దక్కేదేమో.

ఆ మూడో దారి గృహ హింస నుంచి మహిళలకు రక్షణ చట్టం. 2005లో చేశారు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఆ పిల్ల నా తలుపు కొట్టేనాటికి అది వచ్చి ఏళ్ళు దాటింది. తెలుగులో డిగ్రీ చదివిన నాకు దాని పేరు కూడా సరిగ్గా తెలియదు.

ఈ చట్టం కింద ఆమె మొగుణ్ణి జైలుకు పంపమని అడగదు, విడాకులూ అడగదు. నన్ను కొట్టకుండా, బెదిరించకుండా ఆర్డర్ ఇవ్వండి అని మేజిస్ట్రేట్‌ను అడుగుతుంది. నన్ను ఇంట్లోంచి గెంటకుండా చూడండి, నాకూ పిల్లలకూ ఖర్చులు ఇప్పించండి, పిల్లలను నా దగ్గర ఉంచండి అని అడుగుతుంది. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. ఆ ఇల్లు అత్తమామల సొంతమైనా సరే, ఆ కారణంగా ఆమె హక్కు పోదని 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు ఇచ్చిన రక్షణ ఆర్డర్‌ను అతను మీరితే అప్పుడు అది నేరం. ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మనం రాయించుకునే పంచాయితీ కాగితానికీ ఈ ఆర్డర్‌కూ తేడా ఇదే. కాగితం చింపితే ఏమీ కాదు. ఆర్డర్ చింపితే పోలీసు వస్తాడు.

ఈ చట్టంలో హింస అంటే దెబ్బలొక్కటే కావు. కట్నం కోసం వేధించడం, పదిమందిలో తిట్టడం, ఇంటి ఖర్చుకు పైసలు ఇవ్వకపోవడం, ఆమె బంగారం తీసుకపోయి కుదువ పెట్టడం, పక్కలో బలవంతం చెయ్యడం కూడా హింసే. భార్య ఒక్కదానికే కాదు, ఇంట్లో ఉన్న తల్లికి, మొగుడు పోయిన కోడలికి, ఆడబిడ్డకు, పెళ్ళి కాకుండా కలిసి బతుకుతున్న ఆడమనిషికి కూడా ఇది వర్తిస్తుంది. తల్లిగారింటికి వచ్చి ఉంటే ఆ ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో అక్కడే దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయరు ఫీజు భయం అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయ సహాయం అందాలి. దాని నంబరు 15100.

"ఇవన్నీ తప్పుడు కేసులు పెట్టడానికే పనికొస్తాయి" అనే వాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. పెళ్ళీడు కొడుకు ఉన్న ప్రతి తల్లికీ ఈ భయం ఉంటుంది. నా భయాన్నే మొదట చెప్తున్నాను, నాకూ కొడుకున్నాడు. కానీ ఈ భయానికి కోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో, అంటే భార్యను వేధించిన కేసుల్లో కూడా, ఫిర్యాదు రాగానే కళ్ళు మూసుకొని అరెస్టులు చెయ్యకూడదని 2014 జులైలో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 498-ఎ అని మనం పిలిచే సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహితలో 85 అయ్యింది. కొత్త నంబరుకూ ఆ తీర్పు వర్తిస్తుంది. నిజంగా కొట్టని కొడుకు తల్లికి దీనివల్ల పోయేదేమీ లేదు. కొట్టే కొడుకు తల్లిని అయితే మాత్రం నేను భయపడాల్సింది కోడలి గురించి కాదు, నేను పెంచిన పెంపకం గురించి.

ఇంకొక మాట వినిపిస్తుంది. "వాళ్ళింటి సంగతి మనకెందుకు?" ఆ రాత్రి మా ఆయన కూడా గొంతు తగ్గించి ఇదే అన్నాడు. ఈ ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉందని తెలిసినప్పుడు నాకు సిగ్గేసింది. గృహ హింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, ఒక ఇంట్లో హింస జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మే కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజెయ్యవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ బాధ్యతా పడదు. ఎవరైనా అంటే పక్కింటామె. ఎవరైనా అంటే యారాలు. నవ్వే యారాలికి చట్టం ఒక పని అప్పజెప్పింది, మనం ఇన్నేళ్ళుగా ఆ పని చెయ్యలేదు.

ఇక బయటివాడు చేసిన అఘాయిత్యం సంగతి. అక్కడ మన నోళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంటాయి, లేదంటే అక్కరకు రాని చోట తెరుచుకుంటాయి. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర దిశ మీద జరిగిన ఘోరం మనమెవ్వరం మరిచిపోలేదు. కానీ మరిచిపోయిన ఒక ముక్క ఉంది. బిడ్డ కనబడటం లేదని ఆ రాత్రి స్టేషన్‌కు పోయిన కుటుంబానికి ఎదురైంది మా పరిధి కాదన్న జవాబు. ఆలస్యం చేసినందుకు తరవాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. డిసెంబర్ 6న నిందితులు నలుగురినీ కాల్చి చంపితే జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా గల్లీలో మిఠాయిలు పంచారు, నేనూ ఒకటి తిన్నాను. ఆ కాల్పులు కావాలని చేసినవేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూలతో ఏ ఆడపిల్లకు సాయం అందింది? ఆ రాత్రి ఆ కుటుంబానికి కావలసింది పరిధి అడగకుండా కాగితం రాసుకునే ఒక్క పోలీసు. దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని ఇప్పుడు చట్టంలోనే రాశారు. మా స్టేషన్ కాదు అంటే ఒప్పుకోకండి.

అత్యాచారం జరిగిన మనిషికి సర్కారు దవాఖానే కాదు, ప్రైవేటు దవాఖాన కూడా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. ముందు పోలీసు కాగితం తెమ్మనడానికి వీల్లేదు, వైద్యం నిరాకరిస్తే అది నేరం. వీలైతే స్నానం చెయ్యకముందే, బట్టలు ఉతకకముందే పోవాలి. చేసేసినా సరే, పోవాలి. గర్భం రాకుండా, హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపలే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. రెండు వేళ్ళతో చేసే ఆ అవమానకరమైన పరీక్ష చెయ్యకూడదని 2022 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పింది. ఫిర్యాదును ఆడ పోలీసు అధికారే రాసుకోవాలి. జరిగింది పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లకో పిల్లవాడికో అయితే, తెలిసినవాళ్ళు చెప్పి తీరాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం దాచిపెట్టడమే తప్పు. పిల్లల నంబరు 1098.

మొగుడే బలవంతం చేస్తే? పద్దెనిమిదేళ్ళు నిండిన భార్య విషయంలో దాన్ని అత్యాచారం అనడానికి మన నేర చట్టం ఈనాటికీ ఒప్పుకోదు. ఇది మార్చాల్సిన అన్యాయం. అప్పటిదాకా గృహ హింస చట్టం కింద అది లైంగిక హింసే, దాని మీద రక్షణ అడగవచ్చు. ఈ సంగతి మనం మన ఆడబిడ్డలతో ఎప్పుడైనా మాట్లాడామా? పెళ్ళికి ముందు వాళ్ళకు మనం నేర్పింది పప్పు, చారు, పెద్దల కాళ్ళకు మొక్కడం.

ప్రభుత్వాన్ని కూడా వదిలిపెట్టను. చట్టంలో మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలని, కేసును అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని రాశారు. అరవై రోజుల్లో తేలిన కేసు నేను ఇప్పటిదాకా వినలేదు. హింస పాలైన ఆడవాళ్ళకు వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, తలదాచుకునే చోటు అన్నీ ఒకే కప్పు కింద దొరకాలని 2015లో కేంద్రం సఖి కేంద్రాల పథకం తెచ్చింది. మంచి పథకం. కానీ అవి ఉండేది జిల్లా కేంద్రంలో. అక్కడ ఉంచుకునేది మామూలుగా అయిదు రోజులే. ఆరో రోజు ఆమె ఎక్కడికి పోవాలి? మండలానికొక మద్యం దుకాణం, ఊరికి నాలుగు బెల్టు షాపులు సాధ్యమైనప్పుడు, మండలానికి ఒక రక్షణాధికారి, రెండు గదుల షెల్టరు ఎందుకు సాధ్యం కావు? ఓటు అడగడానికి వచ్చినవాళ్ళను సిలిండరు రేటు అడుగుతాం. ఈసారి ఇది కూడా అడుగుదాం.

కానీ ప్రభుత్వం వచ్చేదాకా ఆగే ఓపిక దెబ్బకు ఉండదు. మన చేతిలో ఉన్నదాని సంగతి చూద్దాం. మా ఊళ్ళో దాదాపు ప్రతి ఇంటామె ఏదో ఒక పొదుపు సంఘంలో ఉంది. ఒక మెంబరు కిస్తీ కట్టకపోతే పదిమందిమి కలిసి ఆమె ఇంటి ముందు కూర్చుంటాం. అదే మెంబరు మొఖం వాచి మీటింగుకు రాకపోతే మాత్రం ఒక్కరమూ పోము. పైసలకున్న పట్టింపు ఒంటి మీది దెబ్బకు లేదు.

ఆడవాళ్ళు కలిస్తే ఏం జరుగుతుందో తెలుగు నేల ఒకసారి చూసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు, సారా తాగి వచ్చి కొట్టే మొగుళ్ళ గురించి ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పుకున్నాక ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అది ఊరూరూ పాకి, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా బంద్ అయ్యింది. ఆ తరవాత వచ్చిన మద్య నిషేధం 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. తాగనివాళ్ళూ కొడతారు, అదీ నిజమే. నేను చెప్పేది ఆ మొదటి అడుగు గురించి. ఆ ఊళ్ళో ఒకామె నన్ను కొడుతున్నాడు అని పదిమందిలో అన్నప్పుడు మిగతావాళ్ళు నవ్వలేదు. "నన్ను గూడ" అన్నారు.

అందుకే ఇప్పుడు ఎవరైనా మా తలుపు కొడితే నేను చేసే పనులు ముందే అనుకొని పెట్టుకున్నాను. మీకూ చెప్తాను.

మొదట, ఆమె చెప్పింది నమ్ముతాను. "నువ్వేమన్నవు, వాడెందుకు కొట్టిండు" అని అడగను. దెబ్బకు కారణం వెతకడం మొదలుపెట్టగానే మనం అతని తరఫు వకీళ్ళమైపోతాం.

రెండు, దవాఖానకు తోడు పోతాను. ఎట్ల తగిలిందని డాక్టరు అడిగితే బాత్రూంలో జారిపడ్డ అని చెప్పొద్దని ఆమెకు ముందే చెప్తాను. దెబ్బ ఎవరు కొట్టారో డాక్టరు రాసిన కాగితం రేపు కోర్టులో సాక్ష్యమవుతుంది. గాయాల ఫోటోలు, తారీఖులు నా ఫోన్లో దాస్తాను, ఎందుకంటే ఆమె ఫోను అతను చూస్తాడు. అదే కారణానికి ఆమె ఫోనుకు ఈ సంగతుల మెసేజీలు పెట్టను.

మూడు, ఆమె ఒప్పుకుంటే 181కి కలిపి ఇస్తాను. అది మహిళల సాయం కోసం పెట్టిన నంబరు, ఏ వేళైనా పలుకుతుంది. సఖి కేంద్రానికి, రక్షణాధికారికి దారి అక్కడి నుంచే దొరుకుతుంది. ఆ క్షణంలో ప్రాణానికే ముప్పు ఉంటే మాత్రం 112. అప్పుడు ఆలోచించేది లేదు.

నాలుగు, ఆమె ఆధార్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం, ఒక జత బట్టలు మా ఇంట్లో ఒక సంచిలో ఉంచుకొమ్మంటాను. 2023 డిసెంబర్ నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆధార్ చేతిలో ఉంటే మెదక్ దాకా పోవడానికి ఆమె ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు.

అయిదు, ఇది అన్నిటికన్నా కష్టం. నిర్ణయం ఆమెకే వదిలేస్తాను. ఇప్పుడే కేసు పెట్టనంటే తిట్టను, తిరిగి పోతానంటే మొఖం తిప్పుకోను. ఇల్లు విడిచే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువని ఆమెకు నాకంటే బాగా తెలుసు. మళ్ళీ వచ్చినా ఈ తలుపు తెరిచే ఉంటదని మాత్రం చెప్తాను. పన్నెండేళ్ళ కింద నేను చెప్పని మాట అదే. చాయ్ పోశాను గానీ, తెల్లారి ఆమెను నా చేతులతో అప్పజెప్పి, ఇంకోసారి రావద్దని చెప్పకుండానే చెప్పాను.

ఆడపిల్లల తల్లులకు ఒక్క మాట. పెళ్ళి చేసి పంపేటప్పుడు "అత్తగారింటికి పోయిన బిడ్డ అక్కడనే ఉండాలె" అనే మాట మన నోటి నుంచి రానియ్యొద్దు. దెబ్బ పడ్డ రోజు ఆ మాట బిడ్డకు గుర్తొస్తుంది, ఫోను తీసినదల్లా పెట్టేస్తుంది. దాని బదులు "నీ మంచం ఇక్కడ అట్లనే ఉంటది" అని చెప్పండి. చెల్లె పెండ్లి సంగతి మనం చూసుకుంటాం. అక్క దెబ్బలు తింటుంటే కళ్ళు మూసుకున్న ఇల్లని తెలిసి సంబంధం కలుపుకునేవాళ్ళు చెల్లెను మాత్రం ఏం సుఖపెడతారు?

మా వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంది. దాని మీద 181 అని పెద్ద అంకెలతో ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను. పని చేసే ఆమె అడిగింది, కూరగాయలామె అడిగింది, మొన్న మా యారాలు వచ్చి "ఇదేం నంబరక్కా" అని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత తన ఫోను తీసి, నంబరు చూసి ఎక్కించుకుంది. ఎవరి కోసమని నేను అడగలేదు. "పొద్దు మాపు ఎప్పుడైనా రా" అన్నాను.

మీ ఇంట్లోనూ ఒక క్యాలెండర్ ఉండే ఉంటుంది. లేచి రాసి రండి.